దుప్పటి అవతల హెనోఖ్

హెనోఖ్ పోయిన నెలకి ప్రభుత్వం వారు మా అమ్మకు ఒక ఉత్తరం పంపారు. భర్తను పోగొట్టుకున్నందుకు సానుభూతి తెలిపి, విధవ పింఛను ఎక్కడ తీసుకోవాలో కూడా రాశారు. అమ్మ ఆ ఉత్తరం చదువుతుంటే మా నాన్న పక్క కుర్చీలో కూర్చుని ఆలివ్ కాయలు తింటూ గింజలు పళ్ళెంలో ఉమ్ముతున్నాడు.

"ఎవరు పోయారట?" అన్నాడు.

"నా మొగుడు."

"అయ్యో పాపం," అని ఇంకో కాయ నోట్లో వేసుకున్నాడు.

పింఛను సంగతికొస్తే, అదీ కిబ్బుట్జ్ ఖజానాలోకే పోయింది. కిబ్బుట్జ్ అంటే అందరూ కలిసి సాగుచేసుకునే ఉమ్మడి ఊరు. మా కిబ్బుట్జ్ నవే గోమెలో ఎవరికీ ఏదీ సొంతం కాదు, వైధవ్యంతో సహా.

హెనోఖ్ చెప్పుకోదగ్గ మనిషేం కాదు. మా కిబ్బుట్జ్ వార్షికోత్సవ సంచికలో అతని ఫొటో ఒకే ఒకటి ఉంది, అందులోనూ సగం మనిషికి ఆవు అడ్డమొచ్చింది. పోలండులో గుండీలమ్ముకునే వాడి కొడుకు. పందొమ్మిదివందల ముప్పై అయిదులో ఈ దేశం వచ్చాడు. అప్పుడిక్కడ ఇంగ్లీషువాళ్ళ పాలన. మా యూదులు ఓడ దిగడానికి వాళ్ళు పర్మిట్లు పిసినారితనంగా విదిలించేవారు. కాకపోతే ఒక్క పర్మిటు మీద మొగుడూ పెళ్ళాం ఇద్దరూ రావచ్చు. వార్సాలో కూర్చుని మనుషుల్ని ఇటు పంపే మా ఉద్యమ నాయకులకు ఆ సంగతి తెలిశాక ఇక బ్రహ్మచారి ఒంటరిగా ఓడెక్కితే ప్రాణం ఒప్పుకోలేదు. బస్సులో పక్క సీటు ఖాళీగా పోతున్నట్టు బాధపడ్డారు. హెనోఖ్‌కి పర్మిటు వచ్చింది కనుక అతని పక్కన ఒక పిల్లను కట్టబెట్టారు. ఆ పిల్ల మా అమ్మ గుటా.

అమ్మ మనసు అప్పటికే మా నాన్న నఫ్తాలి దగ్గరుంది. ఆయన ముందు ఏడాదే వచ్చేసి ఇక్కడ రాళ్ళేరుతున్నాడు. అయినా దొంగ పెళ్ళి కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. చిక్కేమిటంటే పెళ్ళి చేసింది మాత్రం నిజం రబ్బీ, మా యూదు పురోహితుడు. ద్రాక్షసారాయి, ఇద్దరు సాక్షులు, ఎరువు తెచ్చిన ఉంగరం, అన్నీ శాస్త్రప్రకారం జరిగిపోయాయి. రేవులో దిగాక హెనోఖ్ అమ్మ పెట్టెను, అమ్మను నాన్నకు అప్పజెప్పి, తన మూట తను భుజాన వేసుకుని వెనకాల నడిచాడు.

ఇలా దొంగ పెళ్ళితో వచ్చినవాళ్ళందరూ దిగిన వారంలోనే పట్నం వెళ్ళి విడాకులు పుచ్చుకునేవాళ్ళు. మా వాళ్ళకు కుదరలేదు. ముందు గోధుమ కోతలు. తర్వాత హెనోఖ్‌కి మలేరియా, అది తగ్గాక అమ్మకు. అందరూ లేచి తిరిగేసరికి మా నాన్న ఉపన్యాసం ఇచ్చాడు: "మనం ఇంత దూరం వచ్చిందే రబ్బీల పీడ వదిలించుకోవడానికి. మళ్ళీ వాళ్ళ గుమ్మం ఎక్కి, లేని పెళ్ళిని రద్దు చెయ్యండి బాబూ అని దేబిరించాలా?" అందరూ చప్పట్లు కొట్టారు. మా నాన్న ఏం మాట్లాడినా చప్పట్లు కొట్టేవాళ్ళు. మా కొంప ముంచింది ఆ చప్పట్లే.

మా దగ్గర పెళ్ళంటే గది అడగడం. ఇద్దరు వెళ్ళి గృహ కమిటీని ఒక గది అడిగితే పెళ్ళయినట్టే. అమ్మా నాన్నా అడిగారు, ఒక చెక్క గది ఇచ్చారు. ఇచ్చారు గానీ, మనుషులెక్కువ, గదులు తక్కువ. వచ్చిన ప్రతి పైసా ఆవుల పాకకే పోయేది. దానికి కాంక్రీటు గోడలు, కప్పు, మురుగు కాలవ. మనుషులకు గుడారాలు. ఇదేం న్యాయమని ఎవరైనా అడిగితే కోశాధికారి, "ఆవు పాలిస్తుంది. నువ్వేమిస్తావు, ఉపన్యాసమా?" అనేవాడు. అందుకని ఒక పద్ధతి పెట్టారు. ప్రతి జంట గదిలోనూ ఒంటరి మనిషిని ఒకణ్ణి పడుకోబెట్టాలి. ఆ మనిషిని మావాళ్ళు 'ప్రైమస్' అనేవారు. కిరసనాయిలు స్టవ్వుకుండే మూడో కాలన్నమాట.

అమ్మా నాన్నల గదికి ప్రైమస్‌గా కమిటీ ఎవర్ని పంపిందో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. పొరపాటున కాదు, బాగా ఆలోచించే పంపారు. "ముందునుంచీ ఒకళ్ళకొకళ్ళు తెలిసినవాళ్ళే కదా, ఇబ్బంది ఉండదు," అన్నారట. గది మధ్యలో తాడు కట్టి మిలిటరీ దుప్పటి వేలాడదీశారు. దుప్పటికి ఇవతల మా అమ్మా నాన్నా. అవతల మా అమ్మకు తాళి కట్టిన మొగుడు. మా పెళ్ళిళ్ళలో తాళి ఉండదులెండి, ఉంగరం తొడిగిన మొగుడనుకోండి.

ప్రైమస్ పని నిజంగా కష్టం. భోజనాలయ్యాక వెంటనే గదికి రాకూడదు. వచ్చేముందు గుమ్మం బయట దగ్గాలి. గోడవైపు తిరిగి పడుకోవాలి. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటే వినకూడదు, పోట్లాడుకోకపోతే అసలే వినకూడదు. హెనోఖ్ ఈ విద్యలో ఆరితేరాడు. వానల్లో కూడా పాకలో ఆవుల దగ్గర కూర్చుని, దీపం తగ్గించాకే వచ్చేవాడు. తెల్లారకముందే పాలు పిండడానికి వెళ్ళిపోయేవాడు. "ఉన్నన్నాళ్ళూ అతని గురక ఒక్కసారి విన్లేదే," అనేది అమ్మ. "మీ నాన్నది మాత్రం ఊరంతా వినేది."

ఆ మంచితనమే అతని పాలిట శాపమైంది. ప్రైమస్ తప్పదన్న జంటలన్నీ "అయితే హెనోఖ్‌నే పంపండి" అనడం మొదలుపెట్టాయి. మా వాళ్ళ గదిలో కొన్నేళ్ళు ఉండి ఇంకో గదికి, అక్కణ్ణించి మరో గదికి మారాడు. ఎక్కడా ఫిర్యాదు లేదు. అంత బాగా సర్దుకుపోయే మనిషికి సొంత గది ఎందుకనుకున్నారేమో, గది ఖాళీ అయినప్పుడల్లా ఇంకెవరికో ఇచ్చారు. ఒకసారి రేడియోకి ఇచ్చారు. ఇంకోసారి పియానోకి. సభలో అతను నోరు విప్పలేదు. పాకలో మాత్రం గృహ కమిటీ వాళ్ళ పేర్లన్నీ వరసగా ఆవులకు పెట్టుకున్నాడు. "కదలవే బ్రూరియా! తోక నా మొహానేసి కొడతావా, నీ కమిటీ మండ!" అని తిట్టడం చిన్నప్పుడు నా చెవులారా విన్నాను. "నేను దూడనై పుట్టుంటే ముప్పై ఆరులోనే నాకు కాంక్రీటు గోడలుండేవి," అనేవాడు.

నేను పుట్టింది ముప్పై తొమ్మిదిలో. పుట్టిన వారానికే అందరు పిల్లల్లాగే నన్నూ పిల్లలింట్లో పెట్టారు. తినడం, పడుకోవడం, కొట్టుకోవడం అన్నీ అక్కడే. సాయంత్రం కాసేపు మాత్రం అమ్మానాన్నల గదికి పంపేవారు. పిల్లలు ఒకరి సొత్తు కాదు, అందరి బిడ్డలని మా తీర్మానం. దాని మీద ఉపన్యాసం ఎవరిచ్చారని అడక్కండి. ఆ కాసేపూ హెనోఖ్ గదిలో ఉండేవాడు కాదు. బయట కుళాయి దగ్గర పట్టుకారు పుచ్చుకుని ఏదో తిప్పుతుండేవాడు. ఆ కుళాయి ఎప్పుడూ పాడవలేదు. నేను తిరిగి వెళ్ళేటప్పుడు, "ఇవాళేం తిన్నావ్ తిర్జా?" అనేవాడు. చెప్పేదాన్ని. "ఊఁ," అనేవాడు. అంతే మా సంభాషణ.

నాకు పదేళ్ళు దాటాక, ఇళ్ళు కట్టడానికి డబ్బొచ్చాక, అతనికి తలుపున్న గది ఇచ్చారు. మొదటి వారమంతా నిద్రపట్టక పాకలోకి పోయి పడుకున్నాడు.

అరవై ఒకటిలో నేను ఎల్యాకీంని చేసుకుంటానన్నాను. మా కిబ్బుట్జ్ మగపిల్లలతో కలిసి పిల్లలింట్లో వరసగా దొడ్డికి పెట్టే చెంబుల మీద కూర్చుని పెరిగినదాన్ని, వాళ్ళలో ఎవణ్ణి చేసుకుంటాను? ఎల్యాకీం తిబేరియా వాడు, లారీ తోలేవాడు. వాళ్ళమ్మకు దేవుడంటే భయం. ఆవిడకు భయం లేకపోయినా ఈ దేశంలో రబ్బీ లేకుండా పెళ్ళి లేదు. సరే అని నేనూ అమ్మా పట్నంలో మత న్యాయస్థానానికి వెళ్ళాం. గుమస్తా మంచివాడే, ముసలివాడు. నా కాగితంలో తండ్రి పేరు నఫ్తాలి అని రాసిచ్చాను. "తల్లిదండ్రుల పెళ్ళి పత్రం ఉందా అమ్మా?" అన్నాడు.

అమ్మ సంచీ తెరిచి వార్సా పత్రం తీసి ఇచ్చింది. అడిగాడు, ఉన్నది ఒక్కటే, ఇచ్చేసింది! పాతికేళ్ళుగా మావాళ్ళు దాన్ని ఓడ టిక్కెట్టులాగే చూశారు తప్ప పెళ్ళి పత్రంలా ఎవరు చూశారు గనక?

ముసలాయన చదివాడు. నా కాగితం చూశాడు. మళ్ళీ పత్రం చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"విడాకులు?" అన్నాడు మెల్లిగా.

"కోతలొచ్చాయండీ," అంది అమ్మ.

ఆయన లేచి తలుపు మూసి వచ్చాడు. పెళ్ళయిన ఆడది పరాయి మగాడితో కన్న బిడ్డకు మా శాస్త్రంలో ఒక మాటుంది. ఆ మాట ఆయన పలకలేదు, నాకేసి జాలిగా చూశాడంతే. ఆ ముద్ర పడితే నాకు పెళ్ళి లేదు. నా పిల్లలకు లేదు, వాళ్ళ పిల్లలకు లేదు, పది తరాల దాకా లేదు.

"తల్లీ, తొందర్లో తండ్రి పేరు తప్పు రాసినట్టున్నావు," అన్నాడు గుమస్తా, నా కాగితం చింపి బుట్టలో వేస్తూ. "మొగుడు బతికుంటే బిడ్డ మొగుడిదే అంటుంది శాస్త్రం. రెండు వారాల్లో మీ నాన్నని తీసుకురండి. ఏ నాన్నో బాగా ఆలోచించుకుని తీసుకురండి."

ఇంటికొచ్చి చెప్పగానే మా నాన్న చిందులు తొక్కాడు. "నా కూతుర్ని నేను కన్నాను. ఆ గడ్డాలవాళ్ళ ముందుకెళ్ళి కాదని చెప్పమంటావా? ఛస్తే చెప్పను! ఓడెక్కి సైప్రస్ పోయి రబ్బీ లేకుండా చేసుకోండి."

"సైప్రస్‌లో చేసుకుంటే నా పిల్లలకు ముద్ర పోతుందా నాన్నా?"

మా నాన్న గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. ఒక బూటు విప్పి రెండోది మర్చిపోయాడు. నాకు కోపం, జాలి రెండూ ముంచుకొచ్చాయి. ఆయన ఒప్పుకోకపోతే నా బతుకు బుగ్గి. ఒప్పుకుంటే ఆయనకు మిగిలేదేముంది? ఉన్నది ఒక్కగానొక్క కూతుర్ని.

మా దగ్గర ఏ సమస్యకైనా ఒకటే మందు, సర్వసభ్య సభ. శనివారం భోజనశాలలో బల్లలు తుడిచి టీ పెట్టారు. మగవాళ్ళు సిగరెట్లు, ఆడవాళ్ళు అల్లికలు. కార్యదర్శి బ్రూరియా, అదే, ఆవు కాదు మనిషి, లేచి నిలబడింది.

"సహచరులారా, మూడో అంశం. తిర్జా తండ్రి."

"అరటితోట పంపు సంగతి తేల్లేదింకా!" అన్నారెవరో.

"పంపు వచ్చేవారం. తండ్రి అర్జెంటు."

తాపీపని చేసే లీపా గొంతు సవరించుకున్నాడు. "ఇందులో చర్చేముంది? పిల్లలు ఎవరి సొత్తూ కాదని మనం ఎప్పుడో తీర్మానించాం. తండ్రితనం కూడా ఒకరకం ఆస్తే. ఇవాళ నఫ్తాలి దగ్గరుంది, రేపు హెనోఖ్ దగ్గరుంటుంది. ట్రాక్టరు మారదా? ఇంతకీ ఆ ఉపన్యాసం ఇచ్చిందెవరబ్బా? నఫ్తాలీ, నువ్వే కదూ?"

"నేనే. నా నోరు పడిపోను," అన్నాడు మా నాన్న.

భోజనశాల గొల్లుమంది. నేను మాత్రం నవ్వలేకపోయాను. బ్రూరియా మా అమ్మ వైపు తిరిగింది. "గుటా, నువ్వేమంటావు?"

"ఇప్పటికి గుర్తొచ్చానా?" అంది అమ్మ, అల్లిక మీంచి తల ఎత్తకుండా. "ఎవడితో ఓడెక్కాలో మీరే చెప్పారు. నా గదిలో ఎవడు పడుకోవాలో మీరే చెప్పారు. ఇప్పుడెవడికి కన్నానో అదీ మీరే చెప్పండి. నన్ను మాట్లాడించకు, కుట్లు తప్పుతున్నాయి."

అప్పుడు వెనక బల్ల దగ్గర హెనోఖ్ లేచాడు. కిబ్బుట్జ్ పుట్టాక అతను సభలో లేవడం అదే మొదటిసారి. పంపు గురించి గొణుగుతున్నవాళ్ళు కూడా అటు తిరిగారు.

"నాదొక్కటే మాట," అన్నాడు టోపీ నలుపుకుంటూ. "మీరంతా ఓటేసినా సరే, నఫ్తాలి చెయ్యెత్తకపోతే నేను రాను. కోర్టుకి నన్ను ఈడ్చుకుపోయినా చెప్పను."

కూర్చున్నాడు. బ్రూరియా ఓటింగు పెట్టింది. చేతులు లేచాయి. లీపావీ, వంటవాళ్ళవీ, నాతో చెంబుల మీద కూర్చున్న మగపిల్లలవీ. నేను మా నాన్ననే చూస్తున్నాను. ఆయన అరటి జిగురుతో నల్లబడ్డ తన అరచేతులు చూసుకుంటున్నాడు. బ్రూరియా లెక్కపెట్టకుండా ఊరుకుంది. జీవితమంతా సభ తీర్మానమే వేదమని నమ్మిన మనిషి, ఆ చెయ్యి బల్ల మీంచి లేపడానికి అంతసేపు పట్టడం నేనెప్పుడూ చూళ్ళేదు. చివరికి లేపాడు.

"మెజారిటీకి నేనెప్పుడూ అడ్డు రాలేదు," అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే అక్కడ ఉండలేక బయటికి పరిగెత్తాను.

కోర్టుకి నలుగురం వెళ్ళాం. జడ్జీ కూడా రబ్బీయే, జలుబుతో ఉన్నాడు, చేతిలో పెద్ద రుమాలు. హెనోఖ్ శనివారం సెలవుకి వేసుకునే మంచి చొక్కా వేసుకున్నాడు, అయినా ఆవుల వాసన పోలేదు.

"ఈమె మీ భార్యేనా?"

"అవునండి."

"ఒకే గదిలో ఉన్నారా?"

"ఉన్నామండి." అందులో అబద్ధం అణువంత లేదు.

"ఈ పిల్ల మీ కూతురేనా?"

హెనోఖ్ నాకేసి చూశాడు. "మా తిర్జాయేనండి," అన్నాడు.

జడ్జీ ముక్కు చీది మా నాన్న వైపు తిరిగాడు. "మరి మీరెవరు?"

రబ్బీల ముందు తల వంచనని ఒట్టు పెట్టుకున్న మా నాన్న అక్కడ చేతులు కట్టుకుని నించున్నాడు. అమ్మ ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వీళ్ళ గదిలో మూడోవాణ్ణండి," అన్నాడు. "జాగా లేక కమిటీ పెట్టింది."

జడ్జీ ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. ఆయనకు అంతా అర్థమైందని ఇప్పటికీ నా అనుమానం. "దేవుడు మీ కమిటీని క్షమించుగాక," అని ముద్ర గుద్దాడు.

తిరుగు బస్సులో అమ్మా నేనూ ముందు సీట్లో, వాళ్ళిద్దరూ మా వెనక. బస్సు ఊరు దాటింది. తర్వాత హెనోఖ్ గొంతు వినిపించింది.

"నఫ్తాలీ, ఒకటి చెప్తాను, తిట్టుకోకు. కోర్టులో నాకు అబద్ధమాడుతున్నట్టే అనిపించలేదురా. అదే నన్ను తినేస్తోంది."

నేను వెనక్కి తిరగలేదు. అమ్మ కిటికీలోంచి చూస్తోంది, ఆమె మెడ ఎర్రబడింది.

"తెలుసు," అన్నాడు నాన్న. "మన మధ్య ఉన్నది దుప్పటిరా, గోడ కాదు. గుటా నిద్రలో మాట్లాడితే నువ్వు ఊపిరి బిగబట్టేవాడివి. నేను వినేవాణ్ణి."

"మరి పొమ్మనలేదేం?"

"ఎక్కడికి పొమ్మంటాను? గదుల్లేవుగా."

హెనోఖ్ ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. పెద్దగానే ఏడ్చాడు, బస్సులోవాళ్ళు తిరిగి చూశారు. "జలుబండీ," అని వాళ్ళకు చెప్పాడు మా నాన్న.

పెళ్ళి మా పచ్చిక మీదే జరిగింది. మా దగ్గర పందిరికి గుంజలుండవు. తెల్లగుడ్డ నాలుగు మూలలూ గడ్డి పంగలకర్రలకు కట్టి నలుగురు మగవాళ్ళు పట్టుకుంటారు. తండ్రి స్థానంలో హెనోఖ్ నిలబడ్డాడు, ఎవరో ఎరువిచ్చిన కోటులో బిగుసుకుపోయి. నాన్న ఒక పంగలకర్ర పట్టుకున్నాడు. తనే అడిగి పట్టుకున్నాడు, ఇంకెక్కడ నిలబడాలో తోచలేదని తర్వాత చెప్పాడు. రబ్బీ పత్రం చదవడం మొదలుపెట్టాడు. "హెనోఖ్ కుమార్తె తిర్జా" అని గట్టిగా, అంతా వినేలా చదివాడు. సభలో గొల్లున నవ్విన జనం ఆ మాటకు ఒక్కళ్ళు కూడా నవ్వలేదు. మా తల మీద పందిరి ఒక మూల వణకడం మొదలైంది. వణికి వణికి కిందికి జారి ఎల్యాకీం టోపీకి తగిలింది. నేను నాన్న వైపు చూడలేకపోయాను.

హెనోఖ్ తండ్రి స్థానం వదిలి కదిలాడు. రబ్బీ చదవడం ఆపి కళ్ళు మిటకరించాడు. హెనోఖ్ వెళ్ళి నాన్న పక్కన నిలబడి, ఆయన చేతుల పైన చేతులు వేసి అదే కర్ర పట్టుకున్నాడు. పందిరి పైకి లేచింది. ఆ మూల మాత్రం ఊగుతూనే ఉంది.

అమ్మ అక్కడినించే అరిచింది: "ఒరేయ్, సరిగ్గా పట్టుకోండిరా ఇద్దరూ! పిల్ల నెత్తిన పడేస్తారు!"